మా అరుగు మీద ఇద్దరు దొరసానులు

మున్షీ పనిలో చేరబోయే కుర్రాళ్ళు ఈ మధ్య మా ఇంటికి వచ్చి, "దొరల దగ్గర ఎలా మసులుకోవాలండి? ఏ పుస్తకంతో మొదలుపెట్టాలండి?" అని అడుగుతున్నారు. పుస్తకాలు మీకు నాకంటే బాగా తెలుసు. మసులుకోవడం అంటారా, కుర్చీ ఎలాగూ వెయ్యరు, నిలబడడం కాళ్ళే నేర్చుకుంటాయి. నా జీతం ఎప్పుడెప్పుడు పెరిగిందని కూడా ఒకతను అడిగాడు. ఆ సంగతి రాయను. రాయడానికి పెద్దగా లేదు కూడా.

ధవళేశ్వరంలో ఆనకట్ట దొరలకూ, వాళ్ళు పెళ్ళి చేసుకుని ఓడెక్కించి తెచ్చుకున్న దొరసానులకూ తెలుగు చెప్పి తల నెరిపించుకున్నవాణ్ణి నేను. ఈ ఉద్యోగంలో తెలుగు చెప్పడం చిన్న పని. పెద్ద పని ఏమిటో ముందుగా చెప్పేవాళ్ళు నాకు లేకపోయారు. మీకు నేనున్నాను, వినండి.

దొరల చదువు

తెలుగు బొత్తిగా రాని దొర మంచివాడు. ఏది చెప్పినా తల ఊపుతాడు. సగం వచ్చిన దొరతోనే ప్రమాదం. మా పెద్ద దొర అలాంటివాడు. నేను చేరేటప్పటికే ఆయన కాలవ తవ్వే కూలీల దగ్గరా, పడవ సరంగుల దగ్గరా తెలుగు పట్టేశాడు. అందుచేత తిట్లన్నీ స్పష్టంగా వచ్చు, మిగతావి రావు. ఒకసారి ద్రాక్షారామం నుంచి భీమేశ్వరస్వామి ప్రసాదం పట్టుకొచ్చిన అర్చకులుగారిని మెచ్చుకోబోయి, పడవవాళ్ళు ఒకరినొకరు ముద్దుగా పిలుచుకునే మాట ఒకటి వాడాడు. అర్చకులుగారు పళ్ళెం అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయారు.

"ఆయనకేమైంది మున్షీ?" అన్నాడు దొర.

"సంతోషం పట్టలేకపోయారండి" అన్నాను.

మున్షీకి వ్యాకరణం కంటే ముందు ఇది రావాలి.

దొరసానుల చదువు వేరు. వాళ్ళ కోసం అచ్చువేసిన పుస్తకం నిండా నౌకర్లకు చెప్పే మాటలే. తే, పో, తుడువు, నీళ్ళు కాచు, ఆలస్యం ఎందుకు చేశావు. ఆ పుస్తకం ఆసాంతం వల్లించిన ఆడమనిషి ఇంటిల్లిపాదినీ హడలగొట్టగలదు గాని, ఒక్కరితో కూర్చుని కబుర్లు చెప్పుకోలేదు. చాలాకాలం నేనూ ఆ పుస్తకమే చెప్పాను. నా ముందు మున్షీ అదే చెప్పాడు, ఆయన ముందు మున్షీ అదే చెప్పాడు.

చిన్న దొరసానికి వచ్చిన జబ్బు

పెద్ద దొర కింద పనిచేసే చిన్న దొర ఒక ఏడు సెలవు మీద సీమకు వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చాడు. ఆ అమ్మాయికి ఇరవై దాటి ఉండవు. బోలెడుమంది అక్కచెల్లెళ్ళ మధ్య పెరిగిన పిల్లనని తనే చెప్పింది. మొదటి నెల అన్నిటికీ నవ్వేది. గోడ మీద బల్లిని చూసి నవ్వేది, పంకా లాగే ముసలాయన కునికిపాట్లు చూసి నవ్వేది, నా తలపాగా చూసి కూడా నవ్వేది. నేను ఏమీ అనుకోలేదు.

తరవాత నవ్వు తగ్గింది. తరవాత అన్నం, అంటే వాళ్ళు తినే ఆ రొట్టె, తగ్గింది. పొద్దున్నే లేచి బంగళా గేటు దాకా నడిచి వెళ్ళేది. గేటుకు ఒక చెక్క పెట్టె తగిలించి ఉండేది. ఇంటికి వచ్చినవాళ్ళు తమ పేరు అచ్చువేసిన అట్టముక్క అందులో వేసి వెళ్ళడం వాళ్ళ మర్యాద. రోజూ మూత ఎత్తి చూసేది. ఒకనాడు అందులో బల్లి గుడ్లు తప్ప మరేమీ లేవు. ఆ రోజు నుంచి గేటు దాకా వెళ్ళడం మానేసింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేది. నేను గుమ్మం అవతల నుంచి పాఠం చెబితే గోడకు చెప్పినట్టే ఉండేది.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. రాజమండ్రి నుంచి డాక్టరు దొర వచ్చి ఇది ఎండ దెబ్బ అన్నాడు. అప్పుడు వర్షాకాలం. క్వినైనా ఇచ్చి, అది చేదుగా ఉంటుందని బ్రాందీ ఇచ్చి వెళ్ళాడు. భర్త మాత్రం బద్ధకం అన్నాడు, గుర్రం మీద తిప్పితే తగ్గుతుందన్నాడు. గుర్రం కూడా ఆమెను చూసి దిగులు పడింది.

బంగళా బట్లరు ముత్యాలు, "ఇదేం జబ్బు కాదండి బాబు. రేవు దగ్గర గాలి సోకిందండి. నేను చూసుకుంటానుగా" అన్నాడు. దొర లేని సమయం చూసి, ఎండుమిరపకాయలూ ఉప్పూ మూడుసార్లు దొరసాని చుట్టూ తిప్పి, ఆమె గదిలోనే కుంపటి పెట్టి అందులో పోశాడు. మనం పెరట్లో చేసే పనిని వీడు కిటికీలు మూసిన గదిలో చేశాడు. దొరసాని దగ్గుతూ వరండాలోకి పరుగెత్తింది. పంకా ముసలాయన ముందే పరుగెత్తాడు. సాయంత్రం చిన్న దొర ఇంటికి వచ్చి, తన భార్యకు విషప్పొగ పెట్టారని తుపాకీ తీశాడు. నేను అడ్డుపడి అది వైద్యమని చెప్పేసరికి తలప్రాణం తోకకు వచ్చింది.

ముత్యాలు మాత్రం, "లేచి పరిగెట్టిందా లేదా చెప్పండి. మీ డాక్టరు లేపగలిగాడా?" అన్నాడు.

చివరికి డాక్టరు దొర తేల్చి చెప్పేశాడు. ఈ మనిషి ఇక్కడ బతకదు, వర్షాలు తగ్గగానే కాకినాడ నుంచి ఓడెక్కించి పుట్టింటికి పంపెయ్యమన్నాడు. చిన్న దొరకు ఉద్యోగం వదిలి వెళ్ళే వీలు లేదు. వెళ్ళినామె మళ్ళీ రాదని అందరికీ తెలుసు. పెట్టెలు సర్దడం మొదలైంది. ఆ పెట్టెల మధ్య ఆమె గోడవైపు తిరిగి పడుకునే ఉంది. నా చెల్లెలి ఈడు పిల్ల.

ఒకరోజు పాఠం మధ్యలో ఆమే గోడవైపు నుంచి ఇటు తిరిగి ఇంగ్లీషులో అడిగింది: "మున్షీ, నేనేం తప్పు చేశాను? పెద్ద దొరసాని ఇంతవరకు మా గుమ్మం ఎందుకు తొక్కలేదు?"

అప్పుడు తెలిసింది సంగతి. వాళ్ళ దేశంలో కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళ ఇంటికి పాతవాళ్ళు ముందు వెళ్ళి పలకరించాలట. ఈ పిల్ల అదే పద్ధతిని నమ్ముకుని, ఉన్న చీరల్లో, అదే గౌనుల్లో, మంచిది కట్టుకుని ఎదురుచూస్తూ కూర్చుంది. ఊళ్ళో ఉన్న మరో దొరసాని పెద్ద దొరసాని ఒక్కతే. ఆవిడ రాలేదు.

పెద్ద దొరసాని సంగతి నాకు ముందే తెలుసు. పెద్ద దొర కచేరీకి వెళ్ళినప్పుడల్లా ఆవిడ నన్ను ఆపి, "మీ చిన్న దొరసానికి అంత గర్వమా? నా ఇంటికి రావడానికి కాళ్ళు లేవా?" అనేది. ఎంచేతంటే మన దేశంలో ఉన్న తెల్లవాళ్ళు ఆ పద్ధతిని తిరగేశారట. ఇక్కడ కొత్తవాళ్ళే ముందు పాతవాళ్ళ ఇళ్ళకు వెళ్ళాలట. ఎవరు తిరగేశారో, ఎందుకు తిరగేశారో నన్నడక్కండి. చిన్న దొరకు ఇది తెలుసు. తెలిసీ చెప్పలేదేమండీ అంటే, "ఆడవాళ్ళ రాకపోకలు నా పని కాదు, కాలవల్లో నీటి రాకపోకలు నా పని" అన్నాడు.

తెలిసిపోయింది గదా, ఇక చిటికెలో తీరిపోతుందనుకున్నాను. చిన్న దొరసానితో, "మీరే ఒకసారి వెళ్ళిరండమ్మా" అన్నాను. "ఇన్నాళ్ళు నన్ను చూడని మనిషి గుమ్మంలో ఇప్పుడు నేను బిచ్చానికి నిలబడాలా?" అంది. పెద్ద దొరసానితో విషయం కదిపితే, "నువ్వు తెలుగు చెప్పడానికే కదా వచ్చావు?" అని చూసిన చూపుకు వెనక్కి వెనక్కి నడిచి బయటపడ్డాను. కారణం తెలిసినంత మాత్రాన జబ్బు తగ్గదు. ఈ ఒక్క మాటైనా గుర్తు పెట్టుకోండి.

మా ఇంట్లో మంగళగౌరి

ఇక్కడ నా ఇంటి సంగతి చెప్పాలి. నా భార్య సుభద్రది శ్రీకాకుళం అవతల. దగ్గర్లో కోనసీమ సంబంధాలు చూడక నాకు అంత దూరాన ఎందుకు పెళ్ళి చేశారని మీరడిగితే, మా నాన్నకు అక్కడ స్నేహితుడుండేవాడు, అంతే. మా ఊళ్ళో ఆమెను "తూర్పు పిల్ల" అనేవారు. చోడి అంబలి, అంటే రాగిజావ, తాగే దేశం నుంచి వచ్చిందని రేవులో నవ్వుకునేవారు. పైగా మొగుడు రోజూ తెల్లవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి వచ్చేవాడాయె. మా ఇంటికి పేరంటమంటే ఊళ్ళో ఆడవాళ్ళకు ఆ పూటే తలనొప్పులు వచ్చేవి.

అంతకుముందు ఏళ్ళు శ్రావణ మంగళవారాల నోము పుట్టింట్లోనే చేసుకునేది. అది ఆఖరి ఏడు, గోదావరి పొంగి దారులు మునిగి ప్రయాణం పడలేదు. నోముకు కనీసం ఐదుగురు ముత్తైదువులు కావాలి. ముగ్గురే తేలారు. పురోహితుడుగారి భార్య తప్పదు గనక వస్తుంది. మా పినతల్లి కూతురు మా అమ్మకు భయపడి వస్తుంది. సోమిదేవమ్మగారు నానబెట్టిన శనగలు ఎవరింట్లో పెడుతున్నా వస్తుంది.

రాత్రి భోజనాల దగ్గర చిన్న దొరసాని కథ నేను చెబుతుంటే సుభద్ర వింటూ వింటూ, "ఆవిడ ఇంటికి ఎవరూ రాలేదని జబ్బు చేసిందా? ఔను, చేస్తుంది. నేనొచ్చినప్పుడు మాత్రం ఎవరొచ్చేరండీ?" అంది.

ఆమె వడ్డన ఆపలేదు. పులుసు పోస్తూ, "ఇద్దరికీ మొగుళ్ళు బతికే ఉన్నారు కదా?" అంది.

"ఉన్నారు."

"అయితే ముత్తైదువులే. నాకు సరిగ్గా ఇద్దరు తక్కువయ్యేరు."

లోపలి గదిలో ఉన్న మా అమ్మ లేచి కూర్చున్న చప్పుడు వినిపించింది. "ఏంట్రా అంటోంది నీ పెళ్ళాం? దొరసానులకి వాయనమా? మంగళసూత్రాలేవిరా వాళ్ళకి?"

"ఉంగరం ఉంటుందమ్మా."

"ఉంగరం నీకూ ఉంది. నువ్వు ముత్తైదువ్వా?"

రెండు రోజులు ఇల్లు కురుక్షేత్రమైంది. చివరికి సుభద్ర, "ఈ నోము మీ అబ్బాయి ఆయుష్షు కోసమే అత్తయ్యా. ఆఖరి ఏడు చెడగొట్టమంటే చెడగొడతాను" అంది. మా అమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. "అరుగు దాకానే. గడప దాటారంటే నేను కాశీ వెళ్ళిపోతాను" అని ఒప్పుకుంది.

పిలుపులు

పేరంటానికి మగవాడు పిలిస్తే చెల్లదు. ఇంటావిడ స్వయంగా వెళ్ళి బొట్టుపెట్టి పిలవాలి. గూడు బండి కట్టించి సుభద్రను పెద్ద దొర బంగళాకు తీసుకెళ్ళాను. భరిణె పట్టుకుని వరండాలో నిలబడ్డ ఆమెను చూసి పెద్ద దొరసాని, ఏదో అర్జీ తెచ్చిందనుకుని, "జీతాల సంగతి దొరతో చెప్పుకోమను" అంది. సుభద్ర జవాబు చెప్పకుండా ముందుకు వెళ్ళి ఆవిడ నుదుట కుంకుమ పెట్టింది. టోపీ అడ్డం వచ్చింది. దాన్ని ఒక చేత్తో పైకి లేపి మరీ పెట్టింది.

"మంగళవారం సాయంత్రం మా ఇంటికి పేరంటానికి రండి. మీరు రాకపోతే నా నోము చెడుతుంది. చెప్పండి ఆవిడకి" అంది నాతో.

చెప్పాను. "చెడితే ఏమవుతుంది?" అంది పెద్ద దొరసాని.

మున్షీ ఉద్యోగంలో ఉన్నదున్నట్టు అనువదించాలి. "ఆమె భర్తకు ఆయుష్షు తీరుతుందని మావాళ్ళ నమ్మకమండి" అన్నాను.

"ఆమె భర్త ఎవరు?"

"నేనేనండి."

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఒంట్లో బాగాలేదా మున్షీ?"

"ఇంకా బాగానే ఉందండి."

"వస్తానని చెప్పు" అంది.

చిన్న దొరసాని దగ్గరా అదే కథ. పెట్టెల మధ్య మంచం మీద పడుకున్న మనిషి, నా ప్రాణం తన చేతిలో ఉందని వినేసరికి లేచి కూర్చుంది. "నేను రాకపోతే నిజంగా పని జరగదా?" అని రెండుసార్లు అడిగింది. జరగదన్నాను. నెలలుగా ఆమె లేకపోయినా ఆ ఇంట్లో అన్ని పనులూ జరిగిపోతూనే ఉన్నాయి. వంట ముత్యాలు చేస్తాడు, లెక్క దొర చూస్తాడు, గాలి ముసలాయన విసురుతాడు. నువ్వు లేకపోతే కుదరదన్న మాట ఈ దేశంలో ఆమెతో అన్నది మా ఆవిడ ఒక్కతే. ఏ గౌను కట్టుకోవాలని అడిగింది. ఆ మాట వినగానే నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి.

రెండోవాళ్ళు కూడా వస్తున్నారని ఇద్దరిలో ఎవరికీ నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

అరుగు

మంగళవారం సాయంత్రం మా వీధికి ఊరు ఊరంతా వచ్చేసింది. పెద్ద దొరసాని మేనా ఒకవైపు నుంచి, చిన్న దొరసాని బండి మరోవైపు నుంచి వచ్చి మా అరుగు ముందే ఆగాయి. ఇద్దరూ దిగారు. ఒకరినొకరు చూసుకున్నారు. వెనక్కి వెళ్తే మున్షీ చస్తాడు. ముందుకు వస్తే పక్కపక్కన కూర్చోవాలి. పాపం, నా కోసం ముందుకే వచ్చారు.

చాప మీద వరసగా కూర్చోబెట్టారు. నేను తలుపు చాటున దుబాసీగా నిలబడ్డాను. సోమిదేవమ్మగారు జరిగి చోటిచ్చి, "ఎంత తెల్లగా ఉన్నారమ్మా, సున్నం కొట్టినట్టు!" అంది. అది నేను అనువదించలేదు.

సుభద్ర పసుపు గిన్నెతో వచ్చింది. కాళ్ళకు పసుపు రాయాలి. అక్కడ వచ్చింది చిక్కు. ఇద్దరివీ తాళ్ళతో బిగించిన బూట్లు, వాటి లోపల మేజోళ్ళు. వాళ్ళల్లో ఆడది పరాయివాళ్ళ ముందు మడమ చూపించడం మనలో భుజం మీద పైట జారినంత తప్పు. సుభద్ర గిన్నె పట్టుకుని అలాగే కూర్చుంది.

పెద్ద దొరసాని లోపలికి కేకేసింది: "మున్షీ, బూట్ల మీద రాస్తే నువ్వు బతకవా?"

"చెప్పలేమండి" అన్నాను.

ఆవిడ నిట్టూర్చి, వంగి తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. లావుపాటి మనిషి, నడుం వంగడం లేదు. కాసేపు చూసి చిన్న దొరసాని కిందకు జరిగి ఆవిడ బూట్లు తనే లాగింది. లోపల పాదాలు వాచి, పుళ్ళు పడి ఉన్నాయి. ఈ ఉక్కలో ఆ బూట్లతో ఎన్నేళ్ళు తిరిగిందో. సుభద్ర ఆ పాదాలను ఒళ్ళోకి తీసుకుని, వేళ్ళ సందుల్లో కూడా, మెల్లగా పసుపు రాసింది. పెద్ద దొరసాని కళ్ళు మూసుకుంది. "మా అమ్మ పోయాక నా కాళ్ళు ఎవరూ ముట్టుకోలేదు" అంది ఇంగ్లీషులో, ఎవరితో అనీ కాకుండా.

తరవాత కాటుక. నోము జ్యోతుల మీద పట్టిన కాటుక ముత్తైదువుల కళ్ళకు పెట్టాలి. అలవాటు లేని కళ్ళు, ఇద్దరికీ బొటబొటా నీళ్ళు కారాయి. చెంపల మీద నల్లటి చారలు దిగాయి. అందులో కాటుక నీళ్ళెన్నో ఏడుపు నీళ్ళెన్నో నేను చెప్పలేను.

"నా ఇంటికి ఎందుకు రాలేదు?" అంది చిన్నది.

"నువ్వెందుకు రాలేదు?" అంది పెద్దది.

ఇద్దరూ ఒకరి నల్ల మొహం ఒకరు చూసుకున్నారు. ముందు చిన్నదే నవ్వింది. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. పెద్దావిడ శనగలు నములుతూ నవ్వబోయి పొలమారితే, సోమిదేవమ్మగారు మడీ గిడీ మరిచిపోయి ఆవిడ మాడు మీద తట్టింది. లోపల మా అమ్మ, "ఏంటా ఇకఇకలు? అయిందా లేదా? పేడనీళ్ళు కలిపాను!" అని అరిచింది. అదీ నేను అనువదించలేదు.

మర్నాడు పొద్దున్నే నేను పాఠానికి వెళ్ళేసరికి పెద్ద దొరసాని చిన్న బంగళా వరండాలో ఉంది. పద్ధతి ప్రకారం తను ముందు రాకూడదు, అయినా వచ్చింది. పసుపు వదలక పాదాలు పచ్చగానే ఉన్నాయి. "ఈ పూట పాఠం లేదు, వెళ్ళు మున్షీ" అన్నారు ఇద్దరూ ఒకేసారి. ఆ నెల చాలా పాఠాలు పోయాయి. వర్షాలు తగ్గాయి, ఓడ కాకినాడ నుంచి వెళ్ళింది, ఆమె వెళ్ళలేదు. డాక్టరు దొర తన క్వినైనా పనిచేసిందని అందరికీ చెప్పుకున్నాడు. ముత్యాలు తన మిరపకాయలన్నాడు.

దొరసానులు కూర్చున్న చాప చూడాలని మర్నాటి నుంచి ఊళ్ళో ఆడవాళ్ళందరూ మా ఇంటికి రావడం మొదలుపెట్టారు. మరుసటి మంగళవారం శనగలు చాల్లేదు. సుభద్ర ఆ రాత్రి అలిసిపోయి గోడకు చేరగిలబడి, "మీ ఊరు మంచిదేనండీ" అంది. పెళ్ళయ్యాక మా ఊరి గురించి ఆమె అన్న మొదటి మంచిమాట అది.

చాలా ఏళ్ళ తరవాత

చిన్న దొర పెద్ద దొర అయ్యాడు. చిన్న దొరసాని అనే పేరు మాత్రం ఆమెకు మిగిలిపోయింది. ఒక వేసవిలో కచేరీకి కొత్త గుమాస్తా వచ్చాడు, నెల్లూరు మనిషి. కొత్త కాపురం. ఒకరోజు మధ్యాహ్నం ఆ కుర్రాడు రొప్పుతూ మా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. "మున్షీగారూ! సామాను ఇంకా బండి దించలేదండి, దొరసానిగారు గొడుగేసుకుని మా ఇంటికి వచ్చేశారండి. మా ఆవిడ హడలిపోయి పెరట్లో పశువుల కొట్టంలోకి దూరి గడియ పెట్టుకుంది. దొరసానిగారు పోవడం లేదండి. నా ఉద్యోగం పోయినట్టేనా?"

వెళ్ళి చూస్తే చిన్న దొరసాని వాళ్ళ అరుగు మీద, చాప కూడా లేకుండా, ఎండలో కూర్చుని ఉంది. ఒళ్ళో కుంకుమ భరిణె ఉంది. జుట్టు అప్పటికే సగం నెరిసింది.

"అమ్మగారూ, ఆ పిల్ల భయపడింది. రేపు వద్దురుగాని. ఎండ చాలా ఉంది" అన్నాను.

"ఇప్పుడు నేను వెళ్ళిపోతే, ఎవరూ రాలేదనుకుంటుంది మున్షీ" అంది తెలుగులో. "నాకేం తొందర లేదు. నువ్వు వెళ్ళు."

గుమాస్తా నా మొహం చూశాడు. నేను అతని చెయ్యి పట్టుకుని పక్కింటి అరుగు మీదికి తీసుకుపోయాను. పొద్దు వాలాక పెరటివైపు గడియ తీసిన చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది.